ఇచ్చిన అక్షరాల్లో ఎన్ని మాటలు?

బ్యాంకు ఉద్యోగాల రాతపరీక్షల్లో, రీజనింగ్ విభాగంలో, ఏళ్ల తరబడి ఒక రకం ప్రశ్న వస్తూనే ఉంది. నాలుగైదు ఇంగ్లిషు అక్షరాలు ఇస్తారు. ఒక్కో అక్షరాన్ని ఒక్కసారే వాడుతూ, అన్నిటినీ కలిపి, అర్థమున్న ఇంగ్లిషు మాటలు ఎన్ని కూర్చవచ్చో చెప్పమంటారు. ఒకటి, రెండు, మూడు, మూడుకు మించి అంటూ కింద జవాబులుంటాయి. ఇ, ఎస్, ఆర్, ఓ అనే అక్షరాలు ఇచ్చారనుకుందాం. గులాబీకి వాడే రోజ్ వెంటనే తడుతుంది. పుండు, నొప్పి అనే అర్థాలున్న సోర్ ఆ వెనకే వస్తుంది. అక్కడితో ఆగినవారి జవాబు రెండు. ముడి ఖనిజాన్ని ఓర్ అంటారు కాబట్టి దాని బహువచనానికి కూడా ఈ నాలుగు అక్షరాలే సరిపోతాయని గమనించినవారి జవాబు మూడు. చేపగుడ్లకు ఇంగ్లిషులో ఆర్-ఓ-ఇ అనే మాట ఉందని తెలిసినవారు దానికీ బహువచనం కట్టి నాలుగంటారు. గ్రీకుల ప్రేమదేవుడి పేరుగా మొదలై, మనస్తత్వశాస్త్రంలో మామూలు నామవాచకంగా స్థిరపడిన ఈరోస్‌ను పెద్ద నిఘంటువులు ఒప్పుకుంటాయి. దాన్నీ కలిపితే అయిదు. బహువచనాలు లెక్కలోకి వస్తాయో రావో ప్రశ్న చెప్పదు. ఏ నిఘంటువు ప్రమాణమో చెప్పదు. పావు మార్కు తేడాతో ఉద్యోగం చేజారిపోయే పరీక్షలో ఇది చిన్న లోపం కాదు.

ఇచ్చిన అక్షరాలున్న ఇంగ్లిషు మాటలను పట్టుకోవడం మీద నూరేళ్లకు పైగా ఎంతో బుద్ధిబలం ఖర్చయింది. ఆటలు పుట్టాయి, ప్రత్యేక నిఘంటువులు వచ్చాయి, కంప్యూటర్ శాస్త్రంలో ఒక అందమైన అధ్యాయమే తయారైంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. వెతకడం అనే పని ఎప్పుడో తేలికైపోయింది. ఇంకా తేలనివి రెండు: అక్షరాలు మాటలో 'ఉండటం' అంటే ఏ రకంగా ఉండటం, 'మాట' అంటే ఏ జాబితాలోని మాట. ఈ రెండూ చెప్పకుండా అడిగితే ఆ ప్రశ్నకు జవాబు ఒకటని ఎవరూ నిరూపించలేరు. మంచి ఆటలన్నీ ఈ సంగతి గ్రహించి జాగ్రత్తపడ్డాయి. మన ఉద్యోగ పరీక్షలు మాత్రం ఇంకా గ్రహించలేదు.

మొదట 'ఉండటం' సంగతి. ఎ, టి, ఇ అనే మూడు అక్షరాలున్న మాటలు కావాలని ఒకరు అడిగారనుకుందాం. ఆ మూడే, తలా ఒక్కసారి రావాలంటే తినడానికి వాడే ఈట్, దాని భూతకాల రూపం ఏట్, తాగే టీ, గ్రీకు అక్షరం పేరైన ఈటా వస్తాయి. ఆ మూడూ ఉంటే చాలు, వేరే అక్షరాలు ఎన్నున్నా ఫరవాలేదంటే హీట్, వాటర్, థియేటర్ మొదలుకొని వేలకొద్దీ మాటలు వచ్చిపడతాయి. వేరే అక్షరం రాకూడదు గానీ ఉన్నవాటిని ఎన్నిసార్లయినా వాడుకోవచ్చంటే ఇది ఇంకో లెక్క. న్యూయార్క్ టైమ్స్ వారి స్పెల్లింగ్ బీ ఆట ఈ పద్ధతిదే: ఏడు అక్షరాలిస్తారు, నడిమి అక్షరం తప్పనిసరి, ఏ అక్షరమైనా మళ్లీ మళ్లీ రావచ్చు, మాట నాలుగు అక్షరాలకు తగ్గకూడదు. స్క్రాబుల్‌లో నియమం వేరు. చేతిలోని ఏడు బిళ్లల్లో ఒక్కోదాన్ని ఒక్కసారే వాడాలి, అన్నిటినీ వాడనక్కర్లేదు. అక్షరాలు పక్కపక్కన ఇచ్చిన వరసలోనే రావాలంటే ప్లేట్ పనికొస్తుంది, దాని చివర ఎ-టి-ఇ కలిసే ఉన్నాయి కాబట్టి. వరస తప్పకూడదు గానీ మధ్యలో ఇతర అక్షరాలు దూరవచ్చంటే ఆర్టికల్ కూడా సరే. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే అచ్చులు అయిదూ అదే వరసలో, తలా ఒక్కసారి వచ్చే ఫెసీషస్, అబ్‌స్టీమియస్ అనే మాటలు ఇంగ్లిషు పదప్రియులకు ఎంతో ముద్దు. గళ్ళ నుడికట్టు పూరించేవారికి కొన్ని అక్షరాల స్థానాలు ముందే తెలిసి ఉంటాయి, మిగతావి ఖాళీలు. బటన్ల ఫోన్లలో సందేశాలు పంపిన తరానికి ఇంకో రకమూ తెలుసు. టీ-నైన్ పద్ధతిలో ఒక్కో బటన్ మీద మూడు నాలుగు అక్షరాలుండేవి; 4, 6, 6, 3 నొక్కితే గుడ్, హోమ్, గాన్, హుడ్ అన్నీ సరిపోయేవి, ఏది కావాలో మనమే ఎంచుకోవాల్సి వచ్చేది.

ఒకే వాక్యం కింద ఇన్ని ప్రశ్నలు దాగి ఉన్నాయి. వీటిలో ఎక్కువ గందరగోళం తెచ్చేది, అక్షరం మళ్లీ రావచ్చా లేదా అన్నది. బడిలో నేర్చుకున్న సమితిలో ఒక మూలకం ఉందా లేదా అన్నదే లెక్క, ఎన్నిసార్లన్నది లెక్కలోకి రాదు. స్క్రాబుల్ బిళ్లల విషయంలో ఎన్నిసార్లన్నదే ప్రాణం; ఒకే ఎల్ ఉన్నవారు బెల్ అనే మాట కూర్చలేరు. ఇంటర్నెట్‌లో దొరికే పదశోధక సాధనాల్లో కొన్ని మొదటి అర్థాన్ని, కొన్ని రెండో అర్థాన్ని పట్టుకుని పనిచేస్తాయి. ఒకే అక్షరాలిచ్చినా రెండు సాధనాలు వేర్వేరు జాబితాలు చూపితే చాలామంది ఒకదాన్ని తప్పనుకుంటారు. నిజానికి రెండూ సరైనవే కావచ్చు, వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పి ఉంటాయి.

ఇక వెతుకులాట. 1604లో రాబర్ట్ కాడ్రీ అచ్చు వేయించిన చిన్న పుస్తకాన్ని మొదటి ఇంగ్లిషు-ఇంగ్లిషు నిఘంటువుగా లెక్కిస్తారు. ఎ అక్షరంతో మొదలయ్యే మాట కావాలంటే పుస్తకం మొదట్లోనూ, వి తో మొదలయ్యేదైతే చివరి వైపూ చూడమని అందులో ఆయన పాఠకులకు నేర్పాల్సి వచ్చింది. అకారాది క్రమం అప్పటికి అంత కొత్త. తర్వాతి నాలుగు శతాబ్దాల్లో అది మన చూపులో ఎంత ఇంకిపోయిందంటే, నిఘంటువు చేతిలో ఉంటే ఏ మాటైనా దొరుకుతుందనే భ్రమ కలిగింది. మొదటి అక్షరం తెలియనివారికి ఆ క్రమం ఏ సాయమూ చేయదు. చివరి అక్షరాలు మాత్రమే తెలిస్తే అమెరికాలోని మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు సంపాదకులకు కూడా దిక్కు తోచలేదు. అందుకే వారు ఇరవయ్యో శతాబ్దంలో దశాబ్దాల పాటు మాటలను వెనక నుంచి ముందుకు టైపు చేయించి, మూడు లక్షలకు పైగా కార్డులతో ఒక తిరగేసిన సూచికను తయారు చేసుకున్నారు. నాకు ఇందులో గొప్ప పాఠం కనిపిస్తుంది. మాటల రాశి అదే, అమరిక మార్చగానే అంతవరకు అడగలేని ప్రశ్న అడగడం వీలైంది.

అక్షరాల చిక్కుముడికి కూడా విడుపు అమరికలోనే ఉంది. మాటలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి, వచ్చినదాన్ని ఆ మాటకు గుర్తుగా పెట్టుకోవాలి. లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్ అనే నాలుగింటికీ ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి అనే ఒకే గుర్తు వస్తుంది. నిఘంటువు మొత్తాన్ని ఈ గుర్తుల వరసలో తిరగరాస్తే, ఒకే అక్షరాలతో కూడిన మాటలన్నీ ఒక్కచోట చేరతాయి. స్క్రాబుల్ ఆడేవారు ఈ గుర్తును ఆల్ఫాగ్రామ్ అంటారు. జాన్ బెంట్లీ ప్రోగ్రామింగ్ పెర్ల్స్ అనే పుస్తకంలో ఇదే ఉపాయాన్ని వివరించాక కంప్యూటర్ విద్యార్థుల తరాలు దాన్ని చదువుకున్నాయి. ఈ ఉపాయం ఎంత మేలు చేస్తుందో లెక్క వేసి చూడవచ్చు. వేర్వేరుగా ఉన్న ఏడు అక్షరాలను అన్ని పొడవుల్లోనూ అన్ని వరసల్లోనూ పేరిస్తే 13,699 అమరికలు వస్తాయి. వరసను పట్టించుకోకుండా ఏ అక్షరాలు తీసుకున్నామన్నదే చూస్తే 127 ఎంపికలే ఉంటాయి. గుర్తుల జాబితా చేతిలో ఉంటే ఆ 127 చోట్ల చూస్తే సరిపోతుంది.

గణితం తెలిసినవారు దీనికి ఇంకో సొగసైన రూపం చూపారు. ఇరవై ఆరు అక్షరాలకు 2 నుంచి 101 దాకా ఉన్న ఇరవై ఆరు ప్రధాన సంఖ్యలను కేటాయించి, మాటలోని అక్షరాల సంఖ్యలను గుణిస్తే ఒక లబ్ధం వస్తుంది. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే రకంగా రాయగలం కాబట్టి, లబ్ధాలు సమానమైతే అక్షరాలూ సమానమే. ఒక మాట లబ్ధాన్ని ఇచ్చిన అక్షరాల లబ్ధం నిశ్శేషంగా భాగిస్తే ఆ అక్షరాలన్నీ, ఎన్నిసార్లు కావాలో అన్నిసార్లు, ఆ మాటలో ఉన్నట్టే. పెద్ద మాటలకు లబ్ధాలు మరీ పెద్దవవుతాయి కాబట్టి ఆచరణలో దీని వాడుక తక్కువ, అయినా అందం అందమే. 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ ట్రై అని పేరు పెట్టిన చెట్టు అమరిక, ఒకే ఆరంభమున్న మాటలు ఆ ఆరంభాన్ని పంచుకునేలా చేసింది. ఆండ్రూ అపెల్, గై జేకబ్సన్ 1988లో ప్రచురించిన స్క్రాబుల్ ప్రోగ్రాం, మాటల చివరలను కూడా పంచుకునేలా చేసి, తొంభై వేలకు పైగా మాటలను అప్పటి చిన్న యంత్రాల్లో ఇమిడ్చింది. 1994లో స్టీవెన్ గోర్డన్ ఎక్కువ జాగా తీసుకున్నా ఇంకా వేగంగా ఎత్తు వెతికే మార్గం చెప్పాడు. ఇవాళ జేబులోని ఫోను ఏ ఉపాయమూ లేకుండా రెండున్నర లక్షల మాటలను మొదటి నుంచి చివరిదాకా చదివినా కంటి రెప్ప పడే లోపు ముగిస్తుంది. వెతకడం తేలికైపోయిందని అన్నది అందుకే.

ఏ జాబితాలో వెతకాలన్నదే అసలు ప్రశ్న. అయిదు అక్షరాల ఇంగ్లిషు మాటలు ఎన్ని అని అడిగితే, జాబితా కూర్చినవారిని బట్టి జవాబు మారుతుంది. డొనాల్డ్ నూత్ తన స్టాన్‌ఫర్డ్ గ్రాఫ్‌బేస్ కోసం ఎంచుకున్నవి 5,757. జాష్ వార్డిల్ 2021లో అందరికీ తెరిచిన వర్డిల్ ఆట, ఊహగా ఒప్పుకునే మాటలు పన్నెండు వేలు దాటుతాయి. జవాబుగా రాదగినవి మాత్రం మొదట్లో సుమారు 2,300. ఆ రెండో జాబితా ఎలా తయారైందో చూడాలి: పెద్ద జాబితాలోని ఒక్కో మాటనూ వార్డిల్ సహచరి చూసి, తనకు తెలిసినదా కాదా అని గుర్తు పెట్టుకుంటూ వడపోసింది. కోట్ల మంది ఆడిన ఆటకు ప్రమాణం ఒక మనిషి పదపరిచయం. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. 'అందరికీ తెలిసిన మాట' అనేది ఎవరో ఒకరు కూర్చుని ఏరితే తప్ప ఎక్కడా సిద్ధంగా ఉండదని మాత్రం దీన్నిబట్టి తేలుతోంది.

స్క్రాబుల్ చరిత్ర దీన్ని ఇంకా గట్టిగా చెబుతుంది. ఆర్థిక మాంద్యంలో పని కోల్పోయిన వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్ 1930లలో ఈ ఆటను రూపొందించాడు. పత్రికల్లో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తోందో చేత్తో లెక్కించి బిళ్లల సంఖ్య నిర్ణయించాడు. నూరు బిళ్లల్లో ఇ పన్నెండు. ఎస్ మాత్రం కావాలనే నాలుగుకు తగ్గించాడు, ఎందుకంటే బహువచనాలతో ఆట మరీ సులువైపోతుంది. బహువచనం ఎంత తేడా తెస్తుందో ఆట తయారుచేసిన మనిషి తొంభై ఏళ్ల కిందటే గుర్తించాడన్నమాట. ఆట పెరిగే కొద్దీ, ఏది మాట ఏది కాదు అనే తగాదాలు పెరిగాయి. 1978లో అమెరికాలో ఆటగాళ్ల కోసమే ఒక అధికార నిఘంటువు వచ్చింది. ఇవాళ ఉత్తర అమెరికా పోటీల జాబితాలో సుమారు 1,96,000 మాటలుంటే, అంతర్జాతీయ పోటీలకు వాడే కాలిన్స్ జాబితాలో సుమారు 2,80,000 ఉన్నాయి. అంటే అట్లాంటిక్‌కు ఒకవైపు చెల్లే మాట ఇంకోవైపు చెల్లకపోవచ్చు. జాబితా కాలంతోనూ మారుతుంది. చైనీయుల ప్రాణశక్తి భావన నుంచి వచ్చిన క్యూ-ఐ 2006లో అమెరికా జాబితాలో చేరి, యు లేకుండా క్యూ బిళ్లను వదిలించుకునే దారి చూపింది. అంతా నిత్యం పలికే ఓకే 2018 దాకా ఆగాల్సి వచ్చింది. 2020లో జాతులనూ వర్గాలనూ కించపరిచే మాటలను రెండు వందలకు పైగా తొలగించారు. అవే అక్షరాలు, అవే నియమాలు, నిన్న అయిదు జవాబులున్న చోట ఇవాళ నాలుగు.

క్యూ వెంట యు రాని మాటల్లో మనకు బాగా తెలిసినవి చాలా ఉండటం ఇక్కడ గమనించదగ్గది. ఫకీరు, బురఖా, ఖవ్వాలీ, తలాక్, ఖుర్మా అనే మాటలను క్యూతో రాసి కాలిన్స్ జాబితా ఒప్పుకుంటుంది. హైదరాబాదు గల్లీల్లో పెరిగినవారికి ఇవి ఇంటి మాటలు, లండన్ ఆటగాడికి బట్టీ పట్టాల్సిన మాటలు. ఎ, డి, ఓ, ఎస్ అనే నాలుగు అక్షరాలిచ్చి చూడండి. సోడా సరే, తెలుగు కుర్రాడికి దాంతోపాటే దోశ తడుతుంది. ఇంగ్లిషు నిఘంటువుల్లోనూ స్క్రాబుల్ జాబితాల్లోనూ దోశకు చోటుంది. హడావుడి అనే అర్థమున్న అడో బహువచనమూ, అంతఃపురంలోని గదికి వాడే ఓడా బహువచనమూ ఆ జాబితాల్లో ఉన్నాయి. పరీక్షపత్రం కూర్చినవారి లెక్కలో దోశ ఉందా? ఉంటే రాయనివారికి, లేకుంటే రాసినవారికి అన్యాయం జరుగుతుంది.

అర్థమున్న మాట అంటే మామూలు చదువరికి తెలిసిన మాటే కదా, దీనికి ఇంత రాద్ధాంతం దేనికని అడగవచ్చు. మామూలు చదువరి ఎవరో చెబితే ఆ మాట ఒప్పుకోవచ్చు. ఇంగ్లిషు మాధ్యమంలో చదివి ఇంట్లో ఇంగ్లిషు పత్రికలు తిరగేసే పట్నపు విద్యార్థికి తెలిసిన మాటలు వేరు, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పల్లె విద్యార్థికి తెలిసినవి వేరు. ఈ తేడా వెతికే వేగం మీద కూడా పడుతుంది. మేజ్నర్, ట్రెసెల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1958లో ప్రచురించిన ప్రయోగంలో, చెదరగొట్టిన అక్షరాల నుంచి తరచుగా వాడే మాటలను మనుషులు త్వరగా, అరుదైనవాటిని ఆలస్యంగా పట్టుకున్నారు. అక్షరాలను ఏ వరసలో చూపించారన్నదీ ప్రభావం చూపింది. అంటే ఈ రకం ప్రశ్న కొలిచేదాంట్లో పెద్ద భాగం పదపరిచయం. దాన్ని రీజనింగ్ అని పేరు పెట్టి, భాషకు సంబంధం లేని తర్కశక్తిని కొలుస్తున్నట్టు చూపడం సరికాదు. ఇంగ్లిషును కొలవదలిస్తే ఇంగ్లిషు విభాగం వేరే ఉంది.

లోపం అందరికీ ఒకటే కాబట్టి అన్యాయం లేదనే వాదన ఇంకోటి. పైపైన చూస్తే ఇది సబబుగానే ఉంటుంది. అయితే ఎవరు నష్టపోతున్నారో చూడండి. జవాబు 'మూడు' అని పత్రం కూర్చినవారు తీర్మానించిన చోట, చేపగుడ్ల మాట తెలిసిన విద్యార్థి 'మూడుకు మించి' అని గుర్తు పెట్టి మార్కు పోగొట్టుకుంటాడు. తప్పుకు మార్కులు కోసే పరీక్షయితే ఇంకొంత పోతుంది. ఆ మాట తెలియని విద్యార్థి గట్టెక్కుతాడు. ఎక్కువ తెలిసినందుకు శిక్ష పడే ప్రశ్న ఏ కొలమానంతో చూసినా చెడ్డ ప్రశ్నే. దీన్ని సరిచేయడం కష్టమూ కాదు. బ్రిటన్‌లో ఛానల్ ఫోర్ 1982 నవంబరు 2న మొదలుపెట్టిన కౌంట్‌డౌన్ కార్యక్రమంలో తొమ్మిది అక్షరాల నుంచి ముప్పై సెకన్లలో వీలైనంత పొడవైన మాట చెప్పాలి. మాట చెల్లుతుందో లేదో పేరు పెట్టి చెప్పిన నిఘంటువును తెరిచి అక్కడికక్కడే తేలుస్తారు. వినోదం కోసం నడిచే టీవీ కార్యక్రమం తీసుకునే ఈ జాగ్రత్త, వేల కుటుంబాల బతుకుతెరువు తేల్చే పరీక్ష తీసుకోవాలి. బహువచనాలు చెల్లుతాయా, విశేష నామాలు చెల్లుతాయా, ఏ నిఘంటువు ప్రమాణం అన్నవి మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. అంతకన్నా మంచిది, ఎన్ని మాటలని లెక్క అడగకుండా, ఇచ్చిన పెద్ద మాటలోని అక్షరాలతో కింది నాలుగింటిలో ఏది కూర్చలేమని అడగడం. కొన్ని పరీక్షల్లో ఇలా అడుగుతున్నారు కూడా. అక్కడ అక్షరాలు సరిపోయాయా లేదా అన్నదే చూడాలి. దానికి జవాబు ఒక్కటే, నిఘంటువు చూడనక్కర్లేదు, నిజంగా రీజనింగే.

అక్షరాలతో మాటలు వెతికే ఆటలు పిల్లలకు ఇంగ్లిషు నేర్పుతాయని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. అమెరికాలో తెలుగు కుటుంబాల పిల్లలు జాతీయ స్పెల్లింగ్ బీ పోటీల్లో ముందు వరసలో నిలవడం ఈ నమ్మకాన్ని పెంచింది. అయితే ఆ పోటీలో మాట వినిపిస్తారు, అక్షరాలు చెప్పాలి. మాట ఏ భాష నుంచి వచ్చింది, అర్థమేమిటి అని అడిగి తెలుసుకుని పిల్లలు అక్షరక్రమాన్ని ఊహిస్తారు. అర్థం, చరిత్ర వారికి పనిముట్లు. అక్షరాలిచ్చి మాట వెతికే ఆటలో వీటి అవసరం ఎంత తక్కువో చెప్పడానికి నైజెల్ రిచర్డ్స్ చాలు. న్యూజిలాండ్‌కు చెందిన ఈయన ఇంగ్లిషు స్క్రాబుల్‌లో పలుమార్లు ప్రపంచ విజేత. 2015లో బెల్జియంలో జరిగిన ఫ్రెంచి ప్రపంచ పోటీని ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే గెలిచాడు. కొన్ని వారాల పాటు ఆ భాష పదజాబితాను కంఠస్థం చేశాడు. 2024లో స్పెయిన్‌లోని గ్రనాడాలో స్పానిష్ పోటీనీ అలాగే గెలిచాడు. ఆయన ధారణను చూసి ఎవరికైనా గౌరవం కలగాల్సిందే. ఆయన గెలుపును బట్టి చూస్తే, ఈ ఆటలో జాబితా తెలియడానికీ భాష తెలియడానికీ ముడి లేదు. పిల్లవాడు ఆటలో క్యూ-ఐ పెట్టి మార్కులు కొట్టినంత మాత్రాన ఆ మాట వాడికి వచ్చినట్టు కాదు. పక్కన కూర్చున్న పెద్దలు దాని అర్థం అడిగితే, నిఘంటువు తెరిపిస్తే, అప్పుడు ఆట చదువవుతుంది. పదశోధక సాధనాలు బుర్రను మొద్దుబారుస్తాయనే భయానికీ నా జవాబు ఇదే: అర్థం కూడా చూపించే సాధనం మేలు చేస్తుంది, వట్టి జాబితా చూపేది ఆటనైనా చదువునైనా మిగల్చదు.

ఇంగ్లిషులో రెండే తేల్చాల్సి ఉంటే, ఇదే సాధనాన్ని తెలుగుకు తేవాలనుకునేవారు మూడోది కూడా తేల్చాలి: అక్షరం అంటే ఏది? యూనికోడ్‌లో స్త్రీ అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాలుగా నిలవ ఉంటుంది. ఇంగ్లిషు కోసం రాసిన ప్రోగ్రాంను అలాగే తెచ్చి వాడితే పొల్లులనూ గుణింతపు గుర్తులనూ విడగొట్టి, అకారాది క్రమంలో పేర్చి, చదవడానికి వీల్లేని ముక్కలు చేస్తుంది. తల, లత ఏ లెక్కన చూసినా ఒకే అక్షరాల మాటలు. రసం, సరం సంగతి అలా కాదు. సున్నాను విడిగా లెక్కించే యంత్రానికి ఇవి రెండూ ఒకటే, తెలుగు చదివేవారికి ఒక దాంట్లో ర, సం ఉన్నాయి, ఇంకోదాంట్లో స, రం ఉన్నాయి. మన పత్రికల గళ్ళ నుడికట్టులో గుణింతంతో, ఒత్తుతో, సున్నాతో సహా అక్షరాన్నంతా ఒకే గడిలో రాస్తాం. అవధానంలోని వ్యస్తాక్షరి కూడా ఇదే పాటిస్తుంది. పృచ్ఛకుడు ఒక పద్యపాదంలోని అక్షరాలను వరస తప్పించి, అది ఎన్నోదో చెబుతూ అందిస్తాడు; అవధాని అన్నిటినీ ధారణలో నిలుపుకుని చివర మొత్తం కూర్చి చెబుతాడు. అక్కడ అందించేది నిండు అక్షరం, స్థానం కూడా చెబుతారు, కూర్చితే వచ్చే జవాబు ఒక్కటే. కాబట్టి మూడో ప్రశ్నకు మన సంప్రదాయంలోనే జవాబు ఉంది, సాధనం తయారుచేసేవారు గడిని ప్రమాణంగా పెట్టుకుంటే చాలు.

జాబితా మాత్రం తెలుగులో ఇంకా పెద్ద పని. ఇంగ్లిషులో బహువచనాలు, క్రియారూపాలు కలిపినా ఒక మాటకు నాలుగైదు రూపాలు దాటడం తక్కువ. తెలుగు క్రియ ఒక్కటే కాలాన్ని, పురుషను, వచనాన్ని, వ్యతిరేకార్థాన్ని, ప్రశ్నను కలుపుకుంటూ వందల రూపాలకు పెరుగుతుంది. సంధి కుదిరిన చోట రెండు మాటలు ఒకటైపోతాయి. పాత నిఘంటువుల్లో గుఱ్ఱము అని మూడక్షరాలుగా ఉన్నది మనం గుర్రం అని రెండక్షరాలుగా రాస్తున్నాం. శబ్దరత్నాకరాన్నో సూర్యరాయాంధ్ర నిఘంటువునో తెచ్చి యంత్రానికి ఎక్కిస్తే ఇవాళ రాసే మాటల్లో ఎన్నో దొరకవు. పత్రికల భాషను పోగేసి ఎక్కిస్తే అచ్చుతప్పులు కూడా మాటలుగా చెలామణీ అవుతాయి. రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి, ప్రతి మాటకూ వాడుక రూపమేదో, గ్రాంథిక రూపమేదో గుర్తు రాసి, విభక్తులు చేరిన రూపాలను వేరుగా ఉంచే జాబితా ఒకటి మనుషులే కూర్చుని ఏరాలి. అది తయారయ్యాక వెతికే ప్రోగ్రాం రాయడం ఒక సాయంత్రం పని.